పెంకలు దింపిన ఏళ్ళు

నేను కాపురానికి వచ్చేసరికి మా అత్తగారి ఊళ్ళో కొత్త ఇళ్ళు కట్టడం దాదాపు ఆగిపోయింది. ఉన్నవాటిని విప్పడం ఇంకా మొదలుకాలేదు. ఎనభైల మొదట్లో సంగతి. చేర్యాల నుంచి మద్దూరు వైపు వెళ్ళే దారిలో రోడ్డు దిగి కొంత లోపలికి నడిస్తే ఆ ఊరు వస్తుంది. మాది వడ్రంగి ఇల్లు. మా మామ ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళకు కప్పు పని చేశాడు. దూలాలు ఎక్కించడం, వాసాలు పరవడం, దర్వాజలు చెక్కడం ఆయన పని. మా ఆయన ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. నాగళ్ళు, బండ్లు కూడా చేసేవాళ్ళు. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని తగ్గింది. ఇళ్ళు కట్టేవాళ్ళు సిమెంటు, ఇనప సలాకలు అనడం మొదలుపెట్టాక కప్పు పనీ తగ్గింది. పొద్దున్నే లేచి ఇద్దరూ ఉలులు నూరుకునేవాళ్ళు. నూరి, మళ్ళీ పెట్టెలో పెట్టేవాళ్ళు.

మా ఇంటి వెనక రెండు వాడల అవతల మా వదిన ఉండేది. మా ఆయనకు అక్క. మేనబావకే ఇచ్చారు. నాకు వరసకు అన్న; ఆ అన్నకు తల్లిదండ్రులు లేరు, ఒక పాత గోడల జాగా మాత్రం ఉంది. బిడ్డ పెళ్ళికని మా మామ ఆ గోడల మీద తన చేత్తో కప్పు వేసి ఇచ్చాడు. మూడు అర్రల ఇల్లు. ముందు వసారాగా సాయబాను, దాని కప్పును మోసే నాలుగు టేకు స్తంభాలు, మొగరాలు. ఊళ్ళో దొరల ఇల్లు వదిలేస్తే అంత నున్నగా చిత్రిక పట్టిన మొగరాలు ఇంకెవరి ఇంట్లోనూ లేవని మా అత్త అనేది. సాయంత్రం పని అయ్యాక నేను అక్కడికి వెళ్ళి కూర్చునేదాన్ని. వదిన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పక్కన కూర్చుంటే చాలు అన్నట్టు ఉండేది. నాకు తల దువ్వి పెట్టేది.

ఊరు ఖాళీ అవడం సాలోళ్ళ వాడతో మొదలైంది. మగ్గాల మీద బతకలేక ముందు మగవాళ్ళు బొంబాయి పక్కన మరమగ్గాలుండే భీవండి పోయారు. మొదటి రెండేళ్ళు దసరాకు వచ్చి వెళ్ళారు. మూడో ఏడు భార్యల్ని తీసుకుపోయారు. ఆ తర్వాత ముసలివాళ్ళనూ తీసుకుపోయారు, ఎందుకంటే ఇక్కడ వాళ్ళకు వండిపెట్టే మనిషి లేదు. ఒక్కో ఇంటికి తాళం పడుతూ వచ్చింది. బస్సెక్కే రోజు ఏడ్చేవాళ్ళు, మేమూ రోడ్డు దాకా సాగనంపేవాళ్ళం. కొన్నాళ్ళకు అదీ అలవాటైపోయింది. ఒక రోజు పొద్దున బియ్యం ఏరుకుంటూ ఉండగా మూటలు పట్టుకుని ఒక కుటుంబం మా వాకిలి ముందు నుంచి పోయింది. "పోతున్నం" అన్నారు. "పోయి రాండ్రి" అన్నాను. మళ్ళీ చాటలోకి చూశాను.

తాళం వేసిన ఇల్లు ఎక్కువ కాలం నిలవదని నాకు అప్పుడు తెలిసింది. కోతులు పెంకలు కదిలిస్తాయి. సర్దే మనిషి ఉండడు. ఆ సందులోంచి ఒక వానాకాలమంతా నీళ్ళు గోడలోకి దిగుతాయి. మట్టి గోడ ముందు ఉబ్బుతుంది, తర్వాత ఒక పక్క జారుతుంది. పైన కట్టె మాత్రం బాగానే ఉంటుంది.

అది కనిపెట్టిన మనిషి సిద్దిపేటలో పాత కట్టె కొని అమ్మే ఒక సాయబు. అందరూ సేటు అనేవాళ్ళు. తెల్ల గడ్డం, చంకలో గొడుగు. భీవండి నుంచి వచ్చిన ఒక సాలాయన వెంట మా ఊరికి వచ్చాడు. ఆ సాలాయన మా మామకు ముఖం చూపించలేక గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"ఇల్లు అమ్ముతున్న పెద్దయ్యా. జాగ ఎవడు కొంటడు గీడ? కట్టె కొంటరంట."

సేటు ఆ ఇంట్లోకి పోయి దూలాన్ని వేలి కణుపుతో కొట్టి చూసి వచ్చి, "ఎవరు జేసిన్రు గిది?" అని అడిగాడు.

"నేనే," అన్నాడు మా మామ.

"అయితె మీరే విప్పున్రి ఉస్తాద్. మా మనుషులొస్తె గడ్డపారలతోని గుంజుతరు. సగం పల్గుతది."

మామ లేచి ఇంట్లోకి పోయాడు. సేటు మా ఆయన వైపు చూశాడు. మా ఆయన, "చేస్తం సేటూ," అన్నాడు. అప్పటికి మా ఇంట్లో నెల రోజులుగా జొన్న గటక తప్ప ఇంకేమీ ఉడకడం లేదు. మామ లోపలి నుంచి ఆ మాట విన్నాడు.

అలా మొదలైంది. పంటలు ఇంటికొచ్చాక, వానలు పడకముందు, ఆ నడిమి నెలల్లో ఇళ్ళు విప్పేవాళ్ళం. మా ఆయన, ఇంకో ఇద్దరు మగవాళ్ళు పైన ఉండేవాళ్ళు. నేను, పక్కింటామె కింద ఉండేవాళ్ళం. కప్పు నడినెత్తి మీది నుంచి పెంకలు తీసుకుంటూ వస్తారు. నాలుగైదు ఒకేసారి కిందికి అందిస్తారు. అందుకుని వాకిట్లో వరస పేర్చాలి. ఎన్నో ఏళ్ళ దుమ్ము, పిచ్చుక గూళ్ళు, పాత గడ్డి మా నెత్తి మీద పడేవి. కొప్పు చుట్టూ గుడ్డ కట్టుకున్నా సాయంత్రానికి నల్లగా అయ్యేవాళ్ళం. తేళ్ళు ఉండేవి. వాటికి మొదట భయపడ్డాను, తర్వాత చెప్పుతో కొట్టి పక్కన పడేసేదాన్ని.

ఒక్కటి మాత్రం మొదటి ఇంట్లో నన్ను ఆపింది. పెంకలు తీస్తూ తీస్తూ వంట అర్ర మీదికి వచ్చారు. ఎప్పుడూ ఎండ చూడని అర్ర అది. ఒక్కసారిగా ఎండ పడేసరికి పొయ్యి, దాని వెనక మసిబారిన గోడ, దీపం గూడు, ఉట్టి కట్టిన తాడు ముక్క, అన్నీ బయటపడ్డాయి. ఎవరో స్నానం చేస్తున్నప్పుడు తలుపు తోసినట్టు అనిపించి నేను ముఖం తిప్పుకున్నాను. పక్కింటామె, "అందుకో పిల్లా, చేతులు గుంజుతున్నయి పైన," అంది. అందుకున్నాను. రెండో ఇంట్లో ముఖం తిప్పుకోలేదు.

కట్టె పోయాక మిగిలిన గోడలు రెండు వానలకు సగానికి దిగేవి. మూడో ఏడుకు అక్కడ ఆముదం, ఉమ్మెత్త మొలిచేవి. కొన్ని గోడల మీద ఎర్ర జాజు పట్టీలు అలాగే ఉండేవి. మేకలవాళ్ళు వాటి మధ్య మేకల్ని కట్టేసేవాళ్ళు. సాలోళ్ళ వాడ అయ్యాక ఊరి నడుమ కూడా ఖాళీ అయింది. బావులు ఎండిన రైతులు హైదరాబాదు పోయారు. దొరలు సిద్దిపేటలో వ్యాపారం పెట్టి అక్కడే ఉండిపోయారు. చదువుకున్నవాళ్ళు తిరిగి రాలేదు. రోడ్డు పక్కన సర్కారు కాలనీ కడుతుంటే ఉన్నవాళ్ళు కూడా అటు జరిగారు, బస్సు దగ్గరని. దాంతో పాత ఊరి నడుమ బోలుగా అయి, అంచుల్లో మాత్రం మనుషులు మిగిలారు.

రెండో ఎండాకాలం నుంచి మామ కూడా మాతో వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఒక ఇంట్లో మా ఆయన దూలానికీ మొగరానికీ మధ్య దిగ్గొట్టిన కట్టె మేకును బయటికి తీయలేక, సుత్తితో కొట్టి దూలం కొస పగలగొట్టాడు. మామ ఆ పగిలిన కొసను చూశాడు. మరుసటి రోజు పొద్దున మాకంటే ముందే ఆ ఇంటి దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆనాటి నుంచి మేకులన్నీ ఆయనే తీశాడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని తినేసి పడుకునేవాడు.

వదిన మొగుడు అప్పటికే బొంబాయిలో సెంట్రింగ్ పనికి కుదిరాడు. స్లాబు కింద చెక్కలు కొట్టే పని. ఏడాదికి వదిననూ ఇద్దరు పిల్లల్నీ తీసుకుపోయాడు. వెళ్ళే రోజు వదిన ఇల్లు అలికి, ముగ్గు వేసి, తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. "వానల ముందు ఒకపారి పెంకలు సర్దున్రి," అని తమ్ముడికి చెప్పింది. మా ఆయన ప్రతి ఏడాదీ సర్దాడు. ఊళ్ళో తాళం వేసిన ఇళ్ళల్లో కారని ఇల్లు అదొక్కటే.

నాలుగేళ్ళకు ఆ అన్న ఒక్కడే వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. ఒక రోజు మా ఇంట్లో తిన్నాడు, పిల్లలు బాగున్నారన్నాడు. మరుసటి రోజు సిద్దిపేట పోయి వస్తానని వెళ్ళి, సేటుతో కలిసి వచ్చాడు. సేటు మా అరుగు మీద కూర్చున్నాడు. ఆ అన్న నిలబడే ఉన్నాడు.

"ఇల్లు సేటుకిచ్చిన," అన్నాడు.

మా ఆయన ఉలి పక్కన పెట్టి, "ఎందుకు బావా?" అని అడిగాడు.

"గాడ ఒక ఖోలీ కొంటున్న, చిన్న అర్ర. కిరాయి కట్టలేకపోతున్నం. సొంతది ఉంటె పిల్లలు గాన్నే చదువుకుంటరు. గీడికొచ్చి ఏం జేస్తం, నువ్వే చెప్పు."

"అక్కకెరికేనా?"

"ఎరికే. ఆమె చెప్తెనే వచ్చిన."

మా అత్త లోపలి నుంచి వచ్చి దర్వాజ పట్టుకుని నిలబడింది. సేటు మామ ముందు తల వంచుకుని, "నాకు తెల్వదు ఉస్తాద్, మీ బిడ్డ ఇల్లని. బస్సుల కూసున్నంక చెప్పిండు. వద్దంటె వద్దు. నేను పోత," అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. లేవబోయాడు కూడా.

మామ అల్లుడి వైపు చూశాడు. "వీడు నీకియ్యకుంటె ఇంకొకనికిస్తడు," అన్నాడు సేటుతో. "వాడు గడ్డపారలు తెస్తడు. ఎల్లుండి బండి పంపు. నేనే విప్పుత."

ఆ అన్న మరుసటి రోజే బొంబాయి బయల్దేరాడు. వెళ్ళే ముందు తాళం పగలగొట్టి ఇచ్చాడు, తాళంచెవి వదిన దగ్గరే ఉంది కనుక.

ఇల్లు విప్పిన రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మిగతా ఇళ్ళను ఎలా విప్పామో అలాగే విప్పాం. పెంకలు దింపాం, పేర్చాం. మామ పైకెక్కి ఒక్కో మేకును కింది నుంచి మెల్లగా కొడుతూ, పైకి వచ్చాక చేత్తో తీసి, జేబులో వేసుకున్నాడు. మా ఆయన దూలం కింద భుజం పెట్టాడు. మధ్యాహ్నం అందరం ఆ సాయబానులోనే కూర్చుని సద్ది తిన్నాం. అప్పటికి పైన కప్పు లేదు, మొగరాలు మాత్రం నిలబడి ఉన్నాయి. మొగరాల నీడ సన్నగా నేల మీద పడింది. ఆ నీడలో తల పెట్టి మామ కాసేపు పడుకున్నాడు. లేచాక వాటిని కూడా పీకించాడు. సాయంత్రం బండి నిండింది. సేటు మనిషి తాళ్ళు బిగించాడు. నేను ఇంటికొచ్చి నీళ్ళు కాచి అందరికీ తలంటు పోశాను. నాకు ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశాను. ఒళ్ళంతా దుమ్ము కారిపోయేదాకా పోసుకున్నాను. ఏమీ రాలేదు.

వానలు మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం, వదిన వచ్చింది. నేను రోడ్డు దగ్గర కిరాణ కొట్లో ఉన్నాను. చేర్యాల బస్సు ఆగి, ఆమె దిగింది. ఒక ట్రంకు, ఒక మూట, ఇద్దరు పిల్లలు. నేను ఎదురుపోయి ట్రంకు పట్టుకున్నాను.

"ఖోలీ కూలగొట్టిన్రు పిల్లా," అంది నడుస్తూ. "వాడంత కూలగొట్టిన్రు, పోలీసులొచ్చి. ఆ జాగ మనకు అమ్మినోనిది గాదంట. మీ అన్న ఇంకో తావు దొరికేదాంక గాన్నే ఉండమన్నడు. నేనే అన్న, మనకు ఊర్ల ఇల్లుండంగ ఈ బురదల ఎందుకుండాలె అని."

"వదినా, ముందు మా ఇంటికి పోదాం," అన్నాను. "మొదలు గాడ తాళం దీసి, ఊడ్చుకోని వస్త," అంది. కొంగున ముడి విప్పుతోంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఇల్లు లేదు వదినా," అన్నాను. ఆమె నా ముఖం చూసింది. అర్థం కాలేదనుకుంటాను. నడక ఆపలేదు.

వాడ మలుపు తిరిగి ఆగింది. గోడలు నాలుగు వైపులా ఉన్నాయి, దర్వాజ ఉన్న చోట పెద్ద గండి. వాన నీళ్ళు లోపల నిలిచాయి. చిన్నవాడు, "అమ్మా, మనిల్లేది?" అని అడిగాడు. ఆమె గండిలోంచి లోపలికి పోయింది. ఒక్కో అర్రలో కాసేపు నిలబడింది. పొయ్యి దగ్గర గోడ మట్టి జారి కుప్పపడి ఉంది. ఏ మూలో పడివున్న చీపురు పుల్లలు దొరికితే తీసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, నిలిచిన నీళ్ళను గండి వైపు ఊడ్చింది. నేను పిల్లల్ని పట్టుకుని బయట నిలబడ్డాను. ఊడ్చిన నీళ్ళు మళ్ళీ లోపలికే వస్తున్నాయి. ఆమె ఊడుస్తూనే ఉంది. సన్నగా వాన మొదలైతే అప్పుడు చీపురు గోడకు ఆనించి బయటికి వచ్చింది.

మా ఇంట్లో మామ ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. అత్త ఏడుస్తోంది. మా ఆయన, "బావ నీకెరికే అన్నడక్కా," అని రెండుసార్లు అన్నాడు. ఆమె తల ఊపింది.

"నాతోని ఖోలీకి అప్పు తెచ్చిన అన్నడు," అంది.

మామ, "నేనే విప్పిన బిడ్డా," అన్నాడు.

ఆమె, "మంచిగ విప్పినవా నాయినా? దూలాలు పల్గలే గదా?" అని అడిగింది.

"పల్గలే."

"మంచిదే," అంది. తర్వాత పిల్లలకు అన్నం పెట్టమని నాతో చెప్పింది.

ఆనాటి నుంచి వదిన మాతోనే ఉంది. బీడీలు చేయడం నేర్చుకుంది. అప్పటికి మా ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళందరి ఒళ్ళోనూ బీడీల చాటే. నేనూ నేర్చుకున్నాను. పొద్దంతా ఎదురెదురుగా కూర్చుని ఆకు కత్తిరించేవాళ్ళం, చుట్టేవాళ్ళం, దారం కట్టేవాళ్ళం. తంబాకు వాసన మా చేతుల నుంచి అన్నంలోకి కూడా వచ్చేది. ఆమె మొగుణ్ణి తిట్టింది లేదు. తండ్రిని ఏమన్నది లేదు. పిల్లలు మా ఊరి బడికే పోయారు. మామ మాత్రం ఆ తర్వాత ఇళ్ళు విప్పడానికి రాలేదు. పనిముట్ల పెట్టె మా ఆయనకు అప్పగించి, ఎవరైనా మంచం కోడు విరిగితే చేసిపెడుతూ గడిపాడు.

జనాభా లెక్కలకు బడి పంతులు వచ్చింది ఆ రోజుల్లోనే. చేతిలో జాజు డబ్బా, కుంచె. ముందు ఇళ్ళకు నంబర్లు వేస్తున్నాడు. పాత వాడల్లో తిరిగి తిరిగి మా అరుగు మీద కూలబడ్డాడు.

"పెద్దయ్యా, గోడలున్నయి, కప్పు లేదు. నంబరెయ్యాల్నా వద్దా? మీరే చెప్పున్రి," అన్నాడు.

"కప్పు లేంది ఇల్లెట్లయితది సారూ," అన్నాడు మామ.

పంతులు సరేనన్నాడు. మా ఇంటి గోడకు నంబరు వేశాడు. తర్వాత ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగాడు. వదిన దగ్గరికి వచ్చేసరికి, "అమ్మా, నువ్వు ఈ ఇంటి మనిషివేనా? చుట్టం చూపుగ వచ్చినవా?" అన్నాడు. చుట్టుతున్న బీడీ ఆపకుండా, "ఈ ఇంటి మనిషినే. రాసుకో సారూ," అంది. నాలుగేళ్ళు బొంబాయిలో ఉన్నా, అక్కడ ఇలా ఎవరూ రాసుకుని ఉండరని నాకు అనిపించింది.

అదే ఏడాది కాలనీలో ఇంకో వరస ఇళ్ళు మంజూరయ్యాయి. సర్పంచి మా ఇంటికి వచ్చి, "ఇల్లు లేనోళ్ళకే ఇస్తున్నరు. నీకైతె ఇప్పుడు లేదు గదవ్వా, నీ పేరు రాపిస్త," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. వదిన, "రాపియ్యున్రి," అంది. ఒకటే అర్ర, పైన రేకులు. ఎండాకాలం మధ్యాహ్నాలు అందులో కూర్చోలేక ఆమె మా ఇంటికి వచ్చి బీడీలు చేసేది.

ఆ అన్న కొన్నేళ్ళకు తిరిగి వచ్చాడు. దగ్గుతూ వచ్చాడు. సిమెంటు దుమ్ము అన్నారు దవాఖానలో. మా ఇంటికి రాలేదు, నేరుగా కాలనీకి పోయి, ఏ ఇల్లో పిల్లల్ని అడిగి, ఆ రేకుల కింద కూర్చున్నాడట. వదిన బావి నుంచి వచ్చేసరికి ఉన్నాడు. నీళ్ళిచ్చింది. అన్నం పెట్టింది. మాకు కబురు ఆ మరుసటి రోజు చెప్పింది, ఉప్పు అయిపోయింది అన్నంత మామూలుగా. "వచ్చిండు," అంది. మా ఆయన కోపంగా లేచాడు. మామ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

అన్నకు ఒంట్లో బాగున్న రోజుల్లో కాలనీ వాళ్ళకు కిటికీలు, తలుపులు చేసేవాడు. మామ పోయినప్పుడు పాడె కట్టె ఆయనే కొట్టాడు. మామకూ ఆయనకూ మధ్య చివరిదాకా మాటల్లేవు. ఆ పని మాత్రం చాలా శ్రద్ధగా చేశాడు, బీటలు లేని వెదురు వెతికి తెచ్చి.

విప్పే ఇళ్ళు కూడా అయిపోయాక మేము సిద్దిపేటకు మారాం. మా ఆయన ఒక ఫర్నిచర్ దుకాణంలో కుదిరాడు. మేము కిరాయి ఇంట్లో ఉన్నాం, మేడ మీద రెండు గదులు. ఊళ్ళో మా ఇల్లు తాళం వేసి వచ్చాం. పెంకలు సర్దడానికి మొదటి ఏడు వెళ్ళాం. రెండో ఏడు మా ఆయనకు జ్వరం వచ్చి వెళ్ళలేదు.

తొంభైల చివర్లో వదిన కొడుకు పని అందుకుని ఆ రేకులు తీయించి స్లాబు పోయించాడు. కబురు వస్తే వెళ్ళాను. సిమెంటు గట్టిపడేదాకా నీళ్ళు కట్టాలని స్లాబు మీద చుట్టూ మట్టి గట్టు వేశారు. వదిన మెట్ల మీద నుంచి బిందెలు మోస్తోంది. నేనూ రెండు బిందెలు మోశాను. దించాక ఇద్దరం నీడకు కూర్చున్నాం. ఇప్పుడు చల్లగా ఉంటుందా అని అడిగాను.

"స్లాబు గూడ ఉడుకే అంటున్నరు," అంది. "చూడాలె."

కోడి కూర వండింది. తిని, నాలుగు గంటల బస్సుకు సిద్దిపేట వచ్చేశాను.